కపిలకు వీడ్కోలు

రాజుల ఖడ్గములను అద్దాల పెట్టెలలో భద్రపఱచి చూచుచున్నాము. వారి యుద్ధములను తేదీలతో కంఠస్థము చేయుచున్నాము. కాని మన తాతముత్తాతల కడుపులు నింపిన పనిముట్టు ఊరు విడిచిపోవునపుడు దానిని సాగనంపువా రెవ్వరును లేరు. కడప మండలమున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల బావులనుండి కపిల అట్లే వెడలిపోయినది. అది పోయిన తేదీ ఏ చరిత్రలోను లేదు. ఒక్కొక్క బావికడ ఒక్కొక్క సాయంకాలమున ఎద్దులను విప్పిరి. మఱునాడు మరల కట్టలేదు. అంతే.

ఈ సీమకు పెన్న యున్నను అది నమ్మదగిన నది కాదు. వానలకు పొంగి, వేసవి రాకమున్నే ఇసుకగా మిగులును. మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863లో ఆరంభించి 1871 నాటికి ముగించిన కర్నూలు-కడప కాలువ ప్రొద్దుటూరు ప్రాంతమునకు కొంత నీరు తెచ్చినది. పులివెందుల మెట్టలకు ఆ భాగ్యమును లేదు. అక్కడ రైతునకు దిక్కు బావియే. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన మహాక్షామమునకు పిమ్మట, బావి విలువను ఈ సీమవారికి ఎవరును వేఱుగ బోధింపవలసిన పని లేకపోయెను.

కపిలను చూడని పిన్నవారికొఱకు దాని తీరు చెప్పుదును. బావిగట్టున రెండు కంబములు, వాని నడుమ తిరుగు గిలక, దానిక్రింద నొక దొర్లుడుకఱ్ఱ, రెండు మోకులు, ఒక తోలుబాన. ఇంతే సామగ్రి. బాన అడుగున ఏనుగు తొండము వంటి తోలుగొట్టము వ్రేలాడుచుండును. లావుమోకు బానను, సన్నమోకు తొండపు మూతిని పట్టియుండును. ఏటవాలుగ త్రవ్విన బాటలో ఎద్దులు దిగుకొలది బాన పైకి వచ్చును. వచ్చునంతసేపును తొండము పైకి మడిగియుండుటచే నీరు జాఱదు. గట్టు చేరగనే బాన గిలకవఱకు లేచును. తొండము తొట్టిలోనికి చాగును. నీరు తనంతట పడిపోవును. బానను వంచుటకు వేఱొక మనుష్యుడు అక్కఱలేదు. తోలువాడు మోకుమీద కూర్చుండి తన బరువునుగూడ ఎద్దులకు సాయమిచ్చును. ఏ కళాశాలయందును చదువనివారి బుద్ధిలో పుట్టిన యంత్రమిది. వేకువజామున గిలక కిఱ్ఱుమన్నదనగా ఊరు మేల్కొన్నదని యర్థము.

ఇక నీ బానను చేసినవా రెవ్వరు? మాదిగ కులమువారు. చచ్చిన పశువుల తోలు ఒలిచి, సున్నమున నానబెట్టి, తంగేడుచెక్కతో పదునుచేసి, నీరు కాఱకుండ కుట్టి యిచ్చెడివారు. చినిగినపుడు మాసిక వేసెడివారు. ప్రతిఫలముగ కళ్లమున కొంత మేర కొలిపించుకొనెడివారు. వారు కుట్టిన బానలోని నీరే రాగిచేనికి, మిరపతోటకు, పసుపుమడికి పాఱినది. ఆ పంటయే అన్ని కులములవారి వంటయిండ్లకు చేరినది. తోలు మైలయని చెప్పువారును ఆ పంటను మైలయనలేదు. కాని బాన కుట్టిన చేయి ఊరి మంచినీటిబావి చేదను తాకరాదు! వాని యింటి యాడుది కుండతో గట్టున నిలిచి, ఎవరైన దయదలచి పోయుదురాయని ఎదురుచూడవలెను. మన యాచారములలో ఇంతకన్న సిగ్గుమాలినది కలదా?

బానను బాగుచేయ యత్నించిన యొకని చేతనే దాని యంత్యకాలమును మొదలైనది. ఇరువదవ శతాబ్దారంభమున మదరాసు ప్రభుత్వోద్యోగియగు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోము పద్ధతిని తోళ్లు పదునుచేయించి, వానితో గట్టిబానలను చేయించెను. నూనె యంత్రముతో నీరు తోడుటను ప్రోత్సహించినవాడును ఆయనయే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట విద్యుత్తు పల్లెలకు పాఱినది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ యేర్పడినది. మీట నొక్కిన నీరు వచ్చుచుండగా కపిల నెవ్వరు కోరుదురు?

కోరకుండుటయు న్యాయమే. ఎద్దుల మెడలు పుండ్లు పడినవి. మోకుపై కూర్చుండి పాడినవాడు పెక్కుచోట్ల జీతగాడు. వాని పాటను మెచ్చుకొన్న మనము వాని నిద్రలేమిని లెక్కింపలేదు. కావున కపిల పోయెనని కన్నీరు కార్చుట నా యుద్దేశము కాదు. అది పోవునపుడు మనము దేనిని పోనిచ్చితిమి, దేనిని పోనీయక దాచుకొంటిమి అనునదే నా ప్రశ్న.

పోనిచ్చినది మితము. ఎద్దు అలసిన కపిల నిలుచును. అది నిలిచినంతసేపు బావిలో ఊట ఊరును. యంత్రమునకు అలసట లేదు. బావులు ఎండినవి, గొట్టపుబావులు వందలాది అడుగుల లోతునకు దిగినవి. పులివెందుల చీనీతోటలు పెక్కులు నీరు చాలక మోడులైనవి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు రాష్ట్రమున చట్టము పుట్టినది. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. రైతు భారము తగ్గినది, తోడుటకు మాత్రము హద్దు దొరకలేదు. నేడు గండికోట, చిత్రావతి జలాశయములద్వార కృష్ణానీరు ఈ మెట్టలను చేరుచున్నది. ఆ నీటికైన మితము నేర్చుకొందుమా?

దాచుకొన్నది కులపుటడ్డుగోడ. 1938లో మదరాసు శాసనసభ చేసిన చట్టము ప్రజల బావులను అందఱికిని తెఱచినది. 1950లో రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానిని శిక్షార్హమైన నేరముగ చేసిరి. తోలుబాన పోయినది, దానిని కుట్టినవాని వృత్తియు పోయినది. అయినను ఇంటికి వచ్చిన కూలివానికి వేఱు లోటాతో నీరిచ్చు గృహములు పూర్తిగ మాసిపోలేదు.

పాతబావుల గట్టున కపిలకంబములు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. పిల్లలను వెంటబెట్టుకొని పోయి, అవి యేమో చెప్పుడు. బాన కుట్టినవాని మాటయు చెప్పుడు. మఱియు, ఇంటికి వచ్చి, పనివారికి నీరిచ్చు లోటాను ఇంటివారి లోటాలతో కలిపి యొకే వరుసలో పెట్టుడు. కపిలకు మన మీయదగిన వీడ్కోలు అదియే.