స్కాంపీ పూర్వోత్తరములు

వెల్లుల్లిని వెన్నలో మెత్తబరచి, తెల్ల ద్రాక్షాసవము పోసి మరిగించి, అందులో రొయ్యలను కొలదిసేపు మగ్గించి, పాస్తాతో కలిపి వడ్డించు స్కాంపీ యను వంటకమును లోకము ఇటలీ సొత్తుగా భావించును. కాని నేడు మన మెరిగిన రూపమున అది ఇటలీలో పుట్టినది కాదు. ఇటలీని విడిచిపోయిన నిరుపేదల చేత అమెరికాలో రూపుదిద్దుకొన్నది.

దాని మూలము ఏడ్రియాటిక్ తీరమున కలదు. అచ్చటి జాలరులు లోతునీటి బురదలో బొరియలు చేసికొని బ్రతుకునట్టియు, సన్నని పొడుగాటి డెక్కలు గలిగినట్టియు నారింజవన్నె జీవిని పట్టి, పెంకుతోనే ఆలివునూనెలో వెల్లుల్లి, ద్రాక్షాసవము, రొట్టెపొడి చేర్చి వండుచుండిరి. స్కాంపీ యనునది మొదట ఆ జీవి పేరే. ఇస్ట్రియా, క్వార్నర్ తీరములలో ఆ పాకము నేటికిని నిలిచియున్నది.

1880కిని 1920కిని నడుమ సుమారు 40 లక్షల మంది ఇటాలియనులు అమెరికా చేరిరి. వారిలో అధికసంఖ్యాకులు దక్షిణ ఇటలీ, సిసిలీ పల్లెల వారు. స్వదేశమున మాంసము వారికి పండుగనాటి భాగ్యము. క్రొత్త దేశపు అంగళ్లలో మాంసము, వెన్న, తెల్లపిండి కూలిడబ్బులకు అందుచుండెను. ఏడ్రియాటిక్ జీవి మాత్రము అచ్చట లభింపదు. దానికి మారుగా దక్షిణ సముద్రముల రొయ్య దొరకెను. ఫ్లోరిడాలోని ఫెర్నాండినా రేవున, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, సిసిలీనుండి వచ్చిన జాలరులే మరపడవలపై రొయ్యల వేటకు దారితీసిరి. పిదప అడుగునేలను దేవుకొనిపోవు ట్రాల్ వలలు వచ్చుటతో పట్టుబడి పెరిగి, మంచుగడ్డల నడుమ రైళ్లపై రొయ్య ఉత్తరనగరములకు చేరెను.

పాస్తాకు వలయు గట్టి గోధుమను 1900 ప్రాంతమున మార్క్ కార్ల్‌టన్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రష్యానుండి తెచ్చి వ్యాప్తిచేసెను; మొదటి ప్రపంచయుద్ధమున ఇటలీనుండి దిగుమతులు కుంటుపడగా, అమెరికా పాస్తా కర్మాగారములు వృద్ధిపొందెను. 1920 నుండి 1933 వరకు మద్యనిషేధ ముండినను, గృహస్థులు ఏటికి 200 గ్యాలనుల వరకు పండ్లరసమును ఇంటిలో పులియబెట్టుకొనుటకు చట్టము వెసులుబాటు కల్పించెను. కాలిఫోర్నియా ద్రాక్ష రైలుపెట్టెలలో నగరములకు వచ్చి నేలమాళిగలలో ఆసవమగుచుండగా, ఇటాలియనుల వంటయింటికి ఆ దినుసు దూరము కాలేదు. ఇట్లు పాస్తాయు రొయ్యయు ఇచ్చట ఒకే పళ్లెరమున కలిసినవి.

ఈ పాకమున నేర్పంతయు నిప్పు సెగలోనే యున్నది. వెల్లుల్లి ఎఱ్ఱబడినచో చేదెక్కును. కనుక మందాగ్నిపై వాసన వచ్చువరకే యుంచవలెను. ఆసవము సగము ఇగిరిన పిదపనే రొయ్యలు వేయవలెను. వేడికి మాంసకృత్తు సడలగా అందు దాగిన ఎరుపు బయటపడి, బూడిదవన్నె రొయ్య గులాబివన్నె దాల్చిన వెంటనే దింపవలెను. ఆలస్యమైనచో రబ్బరువలె సాగును. పాస్తా ఉడికిన నీటిని గరిటెడు పోసినచో అందలి పిండిపదార్థము వెన్నను విడిపోనీయక పులుసును చిక్కపరచును. ఈ మెలకువలను వలసవచ్చిన గృహిణులు కాపాడినందుననే, దినుసులు మారినను వంటకము చెడలేదు.

ఈ కథలో నేడు మన తీరమునకును భాగము కలదు. పసిఫిక్ తీరపు వనామీ రొయ్యను మనదేశమున పెంచుటకు 2009లో అనుమతి లభించినది మొదలు భీమవరము, నెల్లూరు ప్రాంతముల చెరువులు దానితో నిండినవి. అమెరికాకు రొయ్యలు పంపు దేశములలో భారతదేశము అగ్రస్థానమున కెక్కినది. అందు సింహభాగము ఆంధ్రదేశపు పంట. తెల్లవారకముందే చెరువుగట్టున మేత చల్లు రైతును, చల్లని నీటిలో చేతులు నానగా గంటలకొలది పెంకు వలుచు మహిళలును లేనిదే న్యూయార్కు పళ్లెరములు నిండవు. వలసకూలీల వలన పుట్టిన వంటకము దూరదేశపు కూలీల వలన నిలిచియున్నది. దాని చరిత్ర వ్రాయువారు వంటవానికిచ్చు గౌరవమును వీరికిని ఈయవలెను.