మోటుపల్లి అభయ శాసనం: రాతి నుంచి పరిశోధన పత్రికకు

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రకటించగా, ఆ తీరంలో పాలకులు ఏ సుంకం ఎవరికి మాఫీ చేశారో, ఏ మాన్యం ఏ గుడికి రాశారో పరిశోధకులకు అచ్చులో అందింది. అయితే సముద్ర వర్తకానికి చెందిన న్యాయాన్ని అన్నిటికంటే స్పష్టంగా పలికిన శాసనం ఆ తీరానికి ఉత్తరాన, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో ఉంది.

శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు వేయించిన ఆ శాసనం అన్ని ద్వీపాల, దేశాల, పట్టణాల ఓడ వర్తకులకు ఇచ్చిన అభయం, అనగా రాజు తన మాటగా ఇచ్చే రక్షణ హామీ. ఓడ తుపానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణంకంటె ధనమే మిన్న అని సముద్రయానానికి తెగించినవారిపై దయతో, కీర్తికీ ధర్మానికీ తాను నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాననీ రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. పాత తప్పును ఒప్పుకొని, కొత్త నియమాన్ని కారణంతో సహా చెప్పి, తన అధికారానికి తానే హద్దు గీసుకున్న ఈ పాఠాన్ని కేవలం స్థానిక చరిత్రగా చదవడం అన్యాయమే అవుతుంది. ఓడ పగిలి నష్టపోయిన క్రైస్తవులను దోచుకునేవారిని వెలివేయాలని ఐరోపాలో 1179 నాటి మూడవ లాటరన్ మతసభ శాసించింది. గణపతిదేవుని అభయానికి మాత్రం మతభేదం లేదు.

శాసనం పత్రికకు చేరే పద్ధతిలో మొదటి మెట్టు నకలు తీయడం: రాతిని కడిగి, తడి కాగితాన్ని పరచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. ఆ నకలు నుంచి పాఠాన్ని చదివి, అనువాదంతో, వ్యాఖ్యతో కలిపి సంపాదకునికి పంపేవారు. 1903లో భారతదేశం వదిలి జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయానికి వెళ్లిన శాసన పరిశోధకుడు హుల్ట్‌ష్ ఇలాగే మోటుపల్లి పాఠాన్ని పరిష్కరించగా, అది శాసనాల పరిశోధన పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 12వ సంపుటంలో (1913-14) వెలువడింది.

ఇలాంటి పాఠాలను స్థానిక చరిత్రకు మించి చదవగల అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి మద్రాసులోనే 1952లో వేదిక ఏర్పడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన సి. హెచ్. అలెగ్జాండ్రోవిచ్ సంపాదకత్వంలో అంతర్జాతీయ వ్యవహారాల భారతీయ వార్షిక సంచిక మొదలయింది. ఆసియా పాలకులు ఐరోపావారితో సర్వసత్తాక ప్రభువులుగానే ఒడంబడికలు చేసుకున్నారని ఆయన 1967 నాటి గ్రంథంలో వాదించారు. ఆ వాదానికి మోటుపల్లి పాఠం ఆ ఒడంబడికలకంటే శతాబ్దాల ముందరి సాక్ష్యంగా నిలుస్తుంది.