కృత్తికలు చెప్పని అదును

ప్రాచీన రోములో గోధుమ విత్తడానికి అదును చుక్కలే చెప్పేవని చాలామంది రాస్తారు. ఆధారం లేకపోలేదు. క్రీ.పూ. 29 నాటికి పూర్తయిన ‘జార్జిక్స్’ కావ్యంలో వర్జిల్, వేకువన కృత్తికలు పడమట అస్తమించేదాకా, అంటే సుమారు అక్టోబరు చివరిదాకా, గోధుమ చల్లవద్దన్నాడు. కానీ పొలం తెలిసినవాళ్ల గ్రంథాలు చూస్తే చివరి మాట చుక్కది కాదు, నేలది. క్రీ.పూ. రెండో శతాబ్దంలోనే కేటో, అన్నిటికంటే చల్లగా చెమ్మగా ఉన్న చెక్కలో ముందు విత్తమన్నాడు. బాగా వెచ్చని చెక్కది చివరి వంతు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కొలుమెల్లా, వర్జిల్ మీద గౌరవం తగ్గకుండానే, ఆ నియమం సమశీతోష్ణంగా ఉండి చెమ్మ పట్టని పొలానికే వర్తిస్తుందని హద్దు గీశాడు. చిత్తడి నేల, సారం తక్కువ నేల, చలి నేల, నీడపట్టు నేల అయితే అక్టోబరు ఒకటికి ముందే విత్తేయాలన్నాడు.

ఇది వేడి సంగతి కాదు, వానలు పడి బురదయ్యేలోగా విత్తుకోవడమే అని ఎవరైనా అనవచ్చు. అందులో కొంత నిజముంది; నేల పొడిగా ఉండగానే విత్తమని కొలుమెల్లాయే అన్నాడు. అయితే చలినీ నీడనూ అతను చిత్తడితో కలపలేదు, విడిగా పేర్కొన్నాడు. శీతకాలపు వానలతో పాటు గడ్డమంచు కూడా మీద పడేలోగా వేరు నిలదొక్కుకోవాలన్నది అతని కారణం. లెక్క కూడా అతని పక్షమే. రోము అక్షాంశంలో అక్టోబరు చివర మధ్యాహ్న సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 20 డిగ్రీల వాలున్న గుట్టకు దక్షిణపు పక్క పడే ఎండ, ఉత్తరపు పక్క పడేదానికి మూడు రెట్లు. ఉత్తరపు వాలు ముందే చల్లబడుతుంది, అక్కడ మొలక నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకే గుట్టకు రెండు అదునులు. మన తెలుగు నేలలో మృగశిర కార్తెనాటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు గనుక వాలు దిక్కుకు అంత పట్టింపు లేదు. ఇక్కడ తేల్చేది పదును.

మరి నేలే తేల్చేదైతే చుక్కలెందుకు? క్రీ.పూ. 45లో జూలియస్ సీజర్ సంస్కరణ అమలయ్యేదాకా రోమన్ తేదీలు రుతువులకు పొసగక జారిపోతుండేవి. జారని గుర్తు ఆకాశంలోనే దొరికేది. ఆ తర్వాత కూడా కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథం పదకొండో సంపుటంలో, ఎస్టేటు పనులు చూసే విలికస్ కోసం చుక్కల ఉదయాస్తమయాలతో పంచాంగం రాశాడు. నాగళ్లు, ఎడ్లు, విత్తనం ఎప్పటికి సిద్ధం చేసుకోవాలో అది చెప్పేది. ఏ చెక్కలో ముందు దిగాలో విలికస్ పొలం చూసి తేల్చుకోవలసిందే.