ముక్కు చూసి పేరు పెట్టినాయన

ఎపిసోడ్‌లో టైం సరిపోక స్లింబ్రిడ్జ్ కథ సగంలో ఆపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, సెవర్న్ నది వెడల్పయి సముద్రం వైపు సాగే చోట ఉంది ఆ ఊరు. చలికాలం వస్తే చుట్టూ బురద, నీళ్లు నిలిచిన గడ్డిభూములు. మనవాళ్లు చూస్తే వరి వెయ్యొచ్చు కదా అంటారు. 1945 డిసెంబర్‌లో పీటర్ స్కాట్ అక్కడికి పెద్దబాతుల్ని చూడ్డానికొచ్చాడు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ కొడుకే ఈయన. పిల్లాడికి ప్రకృతి మీద ఇష్టం కలిగించమని తండ్రి ఆఖరి ఉత్తరంలో భార్యని కోరాడు. ఆ ఇష్టం కలిగింది గానీ, కుర్రతనంలో అది తుపాకీతో మొదలైంది. పీటర్ బాతుల వేటగాడు! తుపాకీ పూర్తిగా వదిలెయ్యడానికి చాలా ఏళ్లే పట్టింది.

1946లో స్లింబ్రిడ్జ్‌లోనే నీటిపక్షుల కోసం ట్రస్టు పెట్టాడు. అప్పట్లో హవాయి దీవుల్లో ఒక రకం పెద్దబాతులు అంతరించిపోయే స్థితిలో ఉన్నాయి. వాటి పేరు నేనే. (నిజంగానే! ఎవరది అంటే నేనే అన్నట్టు.) 1950లో ఒక జంట అనుకుని తెప్పిస్తే, రెండూ గుడ్లు పెట్టి కూర్చున్నాయి. మళ్లీ హవాయి నుంచి మగదాన్ని విమానంలో రప్పించారు. 1962కల్లా ఇక్కడ పుట్టిన పక్షుల్ని హవాయికి పంపి అడవిలో వదిలారు.

నన్ను పట్టేసింది మాత్రం హంసల సంగతి. బ్యూయిక్ హంసలు రష్యా ఉత్తర కొసన, ఆర్కిటిక్‌లో పిల్లల్ని పెట్టి, చలికి తట్టుకోలేక వేల కిలోమీటర్లు ఎగిరి ఇటొస్తాయి. 1964లో స్కాట్ తన ఇంటి కిటికీలోంచి చూస్తూ ఒకటి గమనించాడు. ముక్కు మీది పసుపు, నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా లేవు. ఇక ఒక్కోదాని ముక్కు బొమ్మ గీసి, ఒక్కోదానికి పేరు పెట్టాడు. మరుసటేడు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు పిల్లల్తో వచ్చారు అని లెక్క రాసుకున్నారు. ఆ లెక్క నేటికీ నడుస్తోంది.

మా గోడౌన్‌లో నన్ను బ్యాడ్జి నంబరుతో పిలుస్తారు. అందుకేనేమో ఆ బొమ్మల దగ్గర చాలాసేపు నిలబడిపోయా.

మా సిక్కోలు వైపు, టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేస్తాయి. పురిటికొచ్చిన ఆడపడుచులని ఊరోళ్లు వాటి జోలికి పోరు. సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం గానీ, అవి మన దేశంలో తిరిగే పక్షులేనట. నిజంగా అటునుంచొచ్చేవి ఈ హంసలు!

ఇప్పుడు అవీ తగ్గిపోతున్నాయి. చలి తగ్గేసరికి దారిలో జర్మనీలోనే ఆగిపోతున్నవి ఎక్కువ. చూడాలంటే డిసెంబర్, జనవరిల్లో వెళ్లండి. రబ్బరు బూట్లు మర్చిపోకండి. మీ ఊరి చెరువుకి ఏ పిట్టలొచ్చేవో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తా.