గేరు మార్పు అనుభూతి

మాన్యువల్ గేరుబాక్సు ఉన్న కారులో ఒక గేరు నుండి మరొక గేరుకు మారేటప్పుడు డ్రైవరు చేతికి తెలిసే బరువు, దూరం, కుదుపు, కచ్చితత్వం అనే లక్షణాలను కలిపి గేరు మార్పు అనుభూతి అంటారు. కొన్ని కార్లలో గేరు రాడ్డును రెండు వేళ్ళతో నెట్టినా గేరు పడుతుంది. కొన్నిటిలో అరచేతితో బలంగా తోయవలసి వస్తుంది. కొన్నిటిలో గేరు పడిన సంగతి చేతికి స్పష్టంగా తెలుస్తుంది, మరికొన్నిటిలో పడిందో లేదో అనే సందేహం మిగులుతుంది. ఈ తేడాలకు తయారీలోని నాణ్యత ఒక్కటే కారణం కాదు. రాడ్డు తక్కువ దూరం కదలడం, తేలికగా కదలడం, కారు లోపలికి శబ్దం రాకపోవడం, గేరుబాక్సు ఎక్కువ కాలం మన్నడం, ధర తక్కువగా ఉండడం అనే ఐదు గుణాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకదానిని పెంచితే సాధారణంగా మరొకదానిని కొంత వదులుకోవలసి ఉంటుంది. ఏ కారులో ఏ గుణానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారన్నదే ఆ కారు గేరు మార్పు అనుభూతిని నిర్ణయిస్తుంది.

గేరుబాక్సులో జరిగే పని

పెట్రోలు, డీజిలు ఇంజన్లు కొంత పరిధిలోని వేగాలలో మాత్రమే ఉపయోగపడే టార్కును ఇస్తాయి. కారు కదలడం మొదలుపెట్టినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, వేగంగా పోయేటప్పుడు చక్రాలకు వేర్వేరు నిష్పత్తులు కావాలి. అందుకే గేరుబాక్సు అవసరమవుతుంది.

ఆధునిక గేరుబాక్సులో ముందుకు నడిపే గేర్ల జతలన్నీ ఎల్లప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతూ ఉంటాయి. ప్రతి జతలోను ఒక చక్రం తన ఇరుసుకు బిగించి ఉండక, దాని మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. గేరు వేయడం అంటే ఆ చక్రాన్ని దాని ఇరుసుకు బంధించడం. ఈ పనిని స్లీవు అనే ఉంగరం వంటి భాగం చేస్తుంది. డ్రైవరు గేరు రాడ్డును కదిలించినప్పుడు సెలెక్టర్ ఫోర్కు స్లీవును పక్కకు నెడుతుంది. స్లీవు లోపలి పళ్ళు గేరు పక్కన ఉన్న చిన్న పళ్ళతో కలిసినప్పుడు గేరు పడుతుంది. అయితే ఈ రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడే పళ్ళు సాఫీగా కలుస్తాయి. లేకపోతే కరకరమనే శబ్దం వస్తుంది, పళ్ళు అరిగిపోతాయి.

చరిత్ర

1890లలో ఫ్రాన్సులోని పానార్ ఎ లెవసోర్ సంస్థ తన కార్లలో జారే గేర్ల పద్ధతిని వాడింది. ఈ పద్ధతిలో గేరు చక్రాలనే జరిపి ఒకదానితో ఒకటి కలిపేవారు. వేగాలను సమానం చేసే బాధ్యత పూర్తిగా డ్రైవరుదే. ఇందుకోసం క్లచ్చిని రెండుసార్లు తొక్కే డబుల్ క్లచ్చి పద్ధతి వాడుకలోకి వచ్చింది.

ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్ గేరుబాక్సును కాడిలాక్ సంస్థ 1928లో, 1929 మోడలు కార్లతో ప్రవేశపెట్టింది. ఇందులో వేగాలను సమానం చేసే పనిని ఘర్షణతో పనిచేసే శంకువులు చేపట్టాయి. మొదట్లో పై గేర్లకు మాత్రమే ఉన్న ఈ సౌకర్యం క్రమంగా ముందుకు నడిపే గేర్లన్నిటికీ విస్తరించింది.

చేతి బలం, రాడ్డు కదిలే దూరం

గేరు రాడ్డు ఒక తులాదండం (లీవరు). పైనున్న గుండు ఎంత దూరం కదిలితే లోపల స్లీవు ఎంత దూరం కదులుతుందనే నిష్పత్తి మీద అనుభూతి చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు, స్లీవు 8 మిల్లీమీటర్లు కదలాలని, దాని మీద 400 న్యూటన్ల బలం పనిచేయాలని అనుకుందాం. మొత్తం నిష్పత్తి 8:1 అయితే గుండు 64 మిల్లీమీటర్లు కదులుతుంది, చేయి 50 న్యూటన్ల బలం ఇస్తే సరిపోతుంది. నిష్పత్తిని 5:1 చేస్తే గుండు 40 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది, కాని చేయి 80 న్యూటన్ల బలం ఇవ్వాలి. రెండు సందర్భాలలోను జరిగిన పని 3.2 జౌళ్ళే (కీళ్ళలోని ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదు). పొట్టి కదలిక కావాలంటే బరువును, తేలిక కావాలంటే పొడవైన కదలికను ఒప్పుకోక తప్పదు. క్రీడా కార్లలో మొదటి దానిని, కుటుంబ కార్లలో రెండవ దానిని ఎంచుకోవడం పరిపాటి.

సింక్రోనైజరు

ఈ 400 న్యూటన్ల బలం ఎందుకు కావాలో తెలియాలంటే సింక్రోనైజరు పనిని చూడాలి. రెండవ గేరు నిష్పత్తి 2.0, మూడవ గేరు నిష్పత్తి 1.4 అనుకుందాం. ఇంజను నిమిషానికి 3000 భ్రమణాలతో తిరుగుతున్నప్పుడు రెండు నుండి మూడుకు మారితే, అదే కారు వేగం వద్ద గేరుబాక్సు ప్రవేశ ఇరుసు 2100 భ్రమణాలకు తగ్గాలి. క్లచ్చి పళ్ళెం, ప్రవేశ ఇరుసు, దానితో కలిసి తిరిగే గేర్లు అన్నీ క్షణంలో కొంత భాగంలోనే 900 భ్రమణాల వేగాన్ని కోల్పోవాలి. సింక్రోనైజరు ఉంగరం గేరు పక్కనున్న శంకువుకు ఒరుసుకుని ఈ పని చేస్తుంది. వేగాలు సమానమయ్యేవరకు ఆ ఉంగరమే స్లీవును ముందుకు పోనివ్వకుండా అడ్డుకుంటుంది. గేరు వేసేటప్పుడు మధ్యలో చేతికి తగిలే గట్టిదనం ఇదే.

శంకువు కోణం ఎంత చిన్నదైతే అదే బలానికి అంత ఎక్కువ ఘర్షణ టార్కు పుడుతుంది. కాని కోణం మరీ చిన్నదైతే ఉంగరం శంకువుకు బిగుసుకుపోయి విడిపోదు. బిగుసుకోకుండా ఉండాలంటే కోణం టాంజెంటు విలువ ఘర్షణ గుణకం కంటె ఎక్కువ ఉండాలి. నూనెలో ఇత్తడికి, ఉక్కుకు మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.1 అనుకుంటే కోణం 5.7 డిగ్రీలు దాటాలి. అందువలన 6 నుండి 7 డిగ్రీల కోణాలు సాధారణంగా కనిపిస్తాయి.

గేరు చక్రం తన ఇరుసు మీద తిరిగే చోట సింక్రోనైజరుకు ఎదురయ్యే జడత్వ భ్రామకం గేరు నిష్పత్తి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నిష్పత్తి 3.5 ఉన్న మొదటి గేరుకు, 1.4 ఉన్న మూడవ గేరుకు మధ్య ఈ తేడా 6 రెట్లు దాటుతుంది. కారు కదులుతూ ఉండగా మొదటి గేరుకు దిగడం కష్టంగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. దీనికి పరిష్కారంగా కింది గేర్లకు రెండు లేదా మూడు శంకువులు ఉన్న సింక్రోనైజర్లను వాడతారు. అంతే బలంతో ఎక్కువ టార్కు వస్తుంది కాబట్టి రాడ్డు తేలికవుతుంది. అయితే భాగాల సంఖ్య, ధర, నూనెలో కలిగే ఈడ్పు పెరుగుతాయి.

కడ్డీలు, కేబుళ్ళు

ఇంజను ముందు ఉండి వెనుక చక్రాలు తిరిగే కార్లలో గేరుబాక్సు డ్రైవరు పక్కనే, నేల కింద ఉంటుంది. రాడ్డును నేరుగా గేరుబాక్సు మీదనే అమర్చవచ్చు. 1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 కారు గేరు మార్పుకు మంచి పేరు రావడానికి ఈ అమరిక ఒక కారణం. మధ్యలో కీళ్ళు తక్కువ కాబట్టి సందు (వదులు) కూడా తక్కువ. కాని గేరుబాక్సు కంపనాలు, శబ్దం కూడా అదే దారిలో చేతికి చేరతాయి.

ఇంజనును అడ్డంగా అమర్చి ముందు చక్రాలను తిప్పే కార్లలో గేరుబాక్సు బానెట్టు కింద, డ్రైవరుకు దూరంగా ఉంటుంది. దానిని కడ్డీలతో గాని, కేబుళ్ళతో గాని రాడ్డుకు కలపాలి. కడ్డీలు దృఢంగా ఉంటాయి, కాని రబ్బరు దిమ్మల మీద ఇంజను ఊగినప్పుడల్లా అవి కూడా కదులుతాయి. కేబుళ్ళను ఏ వంపులోనైనా తీసుకుపోవచ్చు, కంపనాలు కూడా తక్కువగా చేరతాయి. కాని ప్రతి వంపు వద్ద ఘర్షణ పెరుగుతుంది, కేబులు కొంత సాగుతుంది. ఫలితంగా గేరు రాడ్డు మెత్తగా, అస్పష్టంగా అనిపించవచ్చు. నిశ్శబ్దానికి, స్పష్టతకు మధ్య పోటీ ఇక్కడ బాగా కనిపిస్తుంది.

స్ప్రింగులు, గాడులు, బరువులు

గేరు పడిన తరువాత దానంతట అది జారిపోకుండా స్ప్రింగుతో నొక్కి ఉంచిన చిన్న గుండు ఒక గాడిలో కూర్చుంటుంది. గాడి లోతుగా, స్ప్రింగు గట్టిగా ఉంటే గేరు పడినట్లు చేతికి స్పష్టంగా తెలుస్తుంది, కాని ప్రతిసారీ ఎక్కువ బలం కావాలి. రాడ్డును న్యూట్రలులో మూడు, నాలుగు గేర్ల వరుసకు తెచ్చి నిలిపే స్ప్రింగులకు కూడా ఇదే వర్తిస్తుంది. అవి బలహీనంగా ఉంటే డ్రైవరు వరుస తప్పే ప్రమాదం ఉంది. ఎక్కువ వేగంలో ఐదు నుండి నాలుగుకు దిగబోయి పొరపాటున రెండవ గేరు వేస్తే ఇంజను పరిమితికి మించి తిరిగి దెబ్బతినవచ్చు.

కొన్ని గేరుబాక్సులలో సెలెక్టరు మీటకు ఒక ఇనుప బరువును తగిలిస్తారు. కదలడం మొదలైన బరువు తన జడత్వం వలన చిన్న చిన్న తట్టుళ్ళను అణచివేస్తుంది, రాడ్డు సాఫీగా జారినట్లు అనిపిస్తుంది. అయితే చాలా త్వరగా గేరు మార్చేవారికి అదే బరువు ఆటంకంగా తోస్తుంది.

నూనె

గేరుబాక్సు నూనె చేయవలసిన పనులు పరస్పర విరుద్ధమైనవి. గేరు పళ్ళ మధ్య అది జారుడుగా ఉండి అరుగుదలను ఆపాలి. సింక్రోనైజరు శంకువు మీద మాత్రం త్వరగా పక్కకు తొలగి ఘర్షణ పుట్టనివ్వాలి. ఇందుకే ఉంగరం లోపల సన్నని గాడులు ఉంటాయి. చలి ఉదయాన నూనె చిక్కగా ఉండి ఆ గాడుల నుండి త్వరగా బయటకు పోదు. కారు తీసిన కొత్తలో రెండవ గేరు మొరాయించడానికి ఇది కారణం. పలుచని నూనె వాడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది, ఇంధనం కొంత ఆదా అవుతుంది, కాని వేడెక్కినప్పుడు పళ్ళ మధ్య రక్షణ పొర పలచబడుతుంది. వెనుక ఇరుసు కోసం తయారు చేసే జి.ఎల్-5 రకం నూనెలు కొన్ని సింక్రోనైజరు ఇత్తడికి సరిపడవు. అందుచేత తయారీదారు సూచించిన రకాన్నే వాడాలి.

క్లచ్చి

క్లచ్చి పూర్తిగా విడిపోకపోతే ఇంజను ప్రవేశ ఇరుసును తిప్పుతూనే ఉంటుంది, సింక్రోనైజరు ఎంత ప్రయత్నించినా వేగాలు సమానం కావు. గేరుబాక్సు పాడైందని భావించే కొన్ని సందర్భాలలో లోపం నిజానికి క్లచ్చిలో ఉంటుంది.

క్లచ్చి పళ్ళెం బరువు కూడా ముఖ్యమే. ఇంజను కుదుపులను తగ్గించడానికి పళ్ళెంలో స్ప్రింగులు పెడితే గేర్ల గలగల తగ్గుతుంది, కాని సింక్రోనైజరు ఆపవలసిన జడత్వం పెరుగుతుంది. స్ప్రింగులను ఫ్లైవీలులోకి మార్చి దానిని రెండు భాగాలుగా చేసే పద్ధతిలో (డ్యుయల్ మాస్ ఫ్లైవీలు) ఈ రెండు సమస్యలూ తగ్గుతాయి. బదులుగా ధర, బరువు పెరుగుతాయి.

భారతదేశంలో

హిందుస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో చాలాకాలం గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. దీని వలన ముందు సీటు బెంచీలా ఉండి ముగ్గురు కూర్చోవడానికి వీలయ్యేది. కాని స్టీరింగు నుండి గేరుబాక్సు వరకు పొడవైన కడ్డీలు, అనేక కీళ్ళు అవసరమయ్యేవి. ఆ కీళ్ళు అరిగినకొద్దీ రాడ్డు వదులయ్యేది. 1983లో వచ్చిన మారుతి 800 కారులో నాలుగు గేర్లకు నేల మీద అమర్చిన రాడ్డు ఉండేది.

సిటీ బస్సు డ్రైవరు ఒక రోజులో వందలసార్లు గేరు మార్చవలసి ఉంటుంది. అటువంటి వాహనాలలో రాడ్డు పొడవుగా ఉండడానికి కారణం బలాన్ని తగ్గించడమే. రాడ్డు బరువైతే ఆ భారం డ్రైవరు భుజం మీద పడుతుంది. అలసట వలన గేరు మార్చడానికి బద్ధకించి ఇంజనును తప్పు గేరులో ఈడ్పించే అవకాశం కూడా ఉంది. కనుక గేరు మార్పు అనుభూతిని కేవలం విలాసంగా భావించరాదు.

వాడకంలో జాగ్రత్తలు

పొట్టి కదలిక కోసం కొందరు రాడ్డు నిష్పత్తిని మార్చే విడిభాగాలను అమర్చుకుంటారు. ఇవి లోపలి సింక్రోనైజరును మార్చవు. డ్రైవరు ఇదివరకటి కంటె త్వరగా గేరు వేస్తే ఉంగరం మీద బలం, వేడి పెరిగి అది త్వరగా అరుగుతుంది. రాడ్డు మీద ఎప్పుడూ చేయి ఆన్చి ఉంచినా ఫోర్కు స్లీవుకు ఒరుసుకుని అరిగే అవకాశం ఉంది. కింది గేరుకు దిగేటప్పుడు ఆక్సిలరేటరు కొద్దిగా తొక్కి, ఇంజను వేగాన్ని ముందుగానే కొత్త గేరుకు సరిపడేలా పెంచితే క్లచ్చి వదిలినప్పుడు కుదుపు తగ్గుతుంది. దీనికి డబుల్ క్లచ్చిని జోడిస్తే సింక్రోనైజరు పని కూడా తగ్గుతుంది.

ప్రత్యామ్నాయాలు

మాన్యువల్ గేరుబాక్సును అలాగే ఉంచి, క్లచ్చిని, గేర్లను యంత్రమే కదిలించే ఎ.ఎమ్.టి. పద్ధతి 2014లో మారుతి సెలెరియో కారుతో భారతదేశపు చిన్న కార్లలో ప్రవేశించింది. 2020లో హ్యుందాయ్ వెన్యూ కారులో క్లచ్చి పెడలు లేకుండా గేరు రాడ్డును మాత్రం డ్రైవరుకే వదిలిన ఐ.ఎమ్.టి. పద్ధతి వచ్చింది. ఈ రెండింటిలోను లోపలి సింక్రోనైజరు పని మారలేదు. ఎ.ఎమ్.టి.లో మాత్రం రాడ్డు బరువుకు, కదిలే దూరానికి మధ్య ఉన్న పోటీ డ్రైవరు చేతికి తెలియకుండా పోయింది. దానికి బదులుగా గేరు మార్పుకు పట్టే సమయం, ఆ సమయంలో కారుకు కలిగే చిన్న కుదుపు కొత్త కొలమానాలయ్యాయి.