పోయినవాళ్ల ఆనవాలు, మిగిలినవాళ్ల బతుకు



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. రోగాలు ప్రబలుతాయన్న భయంతో ఎన్నో శవాలను దొరికినచోటే కుప్పలుగా దహనం చేశారు, పూడ్చిపెట్టారు. ఎవరు ఎవరి బిడ్డో రాసిపెట్టుకునే వీలు లేకపోయింది. విపత్తులో పోయినవాళ్ల శవాల వల్ల అంటురోగాలు రావడం చాలా అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. అంటే గుర్తుపట్టడానికి కొంత ఆగొచ్చు అన్నమాట.

గుర్తుపట్టడం ఎందుకంత ముఖ్యం? శవం దొరకని ఇంట్లో దినం ఎప్పుడు చేయాలో తెలియదు. ఆ ఇంటి ఆడమనిషిని పేరంటానికి పిలవాలో వద్దో ఊరికి తెలియదు. మరణ ధ్రువీకరణ పత్రం లేకపోతే బీమా రాదు, పింఛను రాదు, పొలం పేరు మారదు. మామూలుగా ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే మనిషి చనిపోయినట్టు చట్టం ఒప్పుకుంటుంది. ఏడేళ్లు ఆ ఇల్లు గడిచేదెట్లా?

తర్వాతి కాలంలో డీఎన్ఏ పరీక్ష వచ్చింది. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ముఖం చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. అయినవాళ్ల రక్తం తీసుకుని, హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ కేంద్రంలో పరీక్షించి ఎవరివాళ్లను వాళ్లకు అప్పగించారు. ఇక్కడ మనం తెలుసుకోవాల్సింది ఒకటుంది. భార్యాభర్తలది రక్తసంబంధం కాదు కాబట్టి ఈ పరీక్షకు భార్య రక్తం పనికిరాదు. తల్లి, తండ్రి, బిడ్డలు, తోబుట్టువులే ఇవ్వాలి.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా దగ్గర, మన కోస్తా మీదుగా మద్రాసు వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. దాదాపు 300 మంది పోయారు. ముందు ఊరి బడిలో, తర్వాత భువనేశ్వర్ ఎయిమ్స్‌లో శవాలను ఉంచారు. ఒకే శవాన్ని ఇద్దరు ముగ్గురు మావాడేనన్నారు. వాళ్లది అబద్ధం కాదు. దుఃఖంలో ఉన్న కళ్లు తడబడతాయి, దెబ్బతిన్న ముఖం మారిపోతుంది. అందుకే చూపు ఒక్కటే చాలదు, వేలిముద్రలు, పళ్లు, డీఎన్ఏ గట్టి సాక్ష్యాలు. నాలుగు నెలలు గడిచినా 28 శవాల కోసం ఎవరూ రాలేదు. ఆ అక్టోబరులో భువనేశ్వర్‌లో కొందరు స్త్రీలు ముందుకొచ్చి ఆ చితులకు నిప్పు పెట్టారు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదనే చోట, ఎవరూ లేనివాళ్లకు వాళ్లే అయినవాళ్లయ్యారు.

మన సంఘంలో ఏ ఇంటికైనా అలాంటి కష్టం వస్తే పని పంచుకుందాం. ఒకరు ఆస్పత్రికి తోడు వెళ్లాలి. ఒకరు ఇంట్లో పిల్లల్ని, పొయ్యిని చూసుకోవాలి. ఒకరు కాగితాలు పట్టుకోవాలి: ఆధార్, నవ్వుతున్న ఫొటో (పళ్లు కనబడతాయి కాబట్టి), ఆపరేషన్ కాగితాలు, పచ్చబొట్టు, పుట్టుమచ్చ, ఆ రోజు కట్టుకున్న బట్టల వివరం. శవాన్ని చూడాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం, బలవంతం చేయొద్దు. "ఇంకెక్కడ బతికుంటాడు" అని తొందరపడి అనొద్దు, "తప్పకుండా వస్తాడులే" అనీ అనొద్దు. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ పక్కన కూర్చోవడమే మనం చేయగలిగిన పెద్ద సాయం.

ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి, పొదుపు పుస్తకంతో పాటు ప్రతి ఇంట్లో ఈ ఏడే పెట్టుకుందాం.