పెంకు మీద గీత ఎవరిది?

రెండు మిల్లీమీటర్ల మందం, వేలి గోరంత వెడల్పు. నిప్పుకోడి గుడ్డు పెంకు ముక్క అది. దాని మీద సన్నని గీతలు. కొన్ని పక్కపక్కనే సాగుతాయి, కొన్ని ఒకదాన్నొకటి దాటిపోతాయి. ఆ గీతలు మనిషి గీసినవైతే మన దేశంలో చిత్రకళ వయసు పాతిక వేల ఏళ్ల వెనక్కు పోతుంది. కాకపోతే చేతిలో ఉన్నది ఒట్టి పెంకే. ఇలాంటి పెంకులు ఒకటీ రెండూ కాదు, పదుల సంఖ్యలో దొరికాయి. వాటి మీది గీతలు ఎవరివన్నది పురావస్తు పరిశోధకులను చాలాకాలం తికమక పెట్టింది. ఆ చిక్కుముడిని ఒక్కో ఆధారంతో విప్పుకుంటూ పోదాం. వాటిలో మొదటిది నెల్లూరు తీరానికి పొరుగునే దొరికింది.

మొదటి ఆధారం: గూడు

నిప్పుకోడి అంటే మనకు ఆఫ్రికా గుర్తొస్తుంది. ఆ పక్షి ఈ నేల మీద తిరగనే లేదంటే పెంకులు ఎక్కడి నుంచో వచ్చి ఉండాలి. ఆ అనుమానాన్ని ప్రకాశం జిల్లా తీర్చింది. నెల్లూరు పెద్దలకు ఆ జిల్లా పరాయిది కాదు. కందుకూరు, కనిగిరి, పొదిలి తాలూకాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోవే. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో అక్కడ ఒక నిప్పుకోడి గూడును గుర్తించారు. తొమ్మిది, పది అడుగుల వెడల్పున్న ఆ చోట 3,500 దాకా పెంకు ముక్కలు బయటపడ్డాయి. అవి 9 నుంచి 11 గుడ్లవని అంచనా. గూడు వయసు సుమారు 41 వేల ఏళ్లు.

పెంకు ముక్క చేతులు మారి దూరాలు పోగలదు. గూడు అలా పోదు. పక్షి ఇక్కడే గుడ్లు పెట్టిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అంతకు ముందే, 2017లో, హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం మరో ముడి విప్పింది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకులను పరీక్షించి, పాతిక వేల ఏళ్ల నాటి డీఎన్‌ఏ ఆఫ్రికా నిప్పుకోడి డీఎన్‌ఏతో 92 శాతం పోలుతోందని అది తేల్చింది. కాబట్టి పెంకు మనదే. ఇక తేలాల్సింది గీత సంగతి.

రెండో ఆధారం: వేళ్లు

మహారాష్ట్ర జలగావ్ జిల్లాలోని పాట్నేలో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఎ. సాలీ జరిపిన తవ్వకాల్లో గీతలున్న పెంకు ముక్క ఒకటి దొరికింది. దాని కాలం సుమారు 25 వేల ఏళ్ల కిందటిది. తరువాత రాతిచిత్రాల పరిశోధకుడు గిరిరాజ్ కుమార్, ఆయన సహచరులు ఇతర చోట్ల దొరికిన గీతల పెంకులను కూడా పరిశీలించి, ఇవి ప్రాచీన శిలాయుగపు కళకు కొత్త సాక్ష్యాలని 1988లో ప్రకటించారు. ఒక్కసారిగా మన దేశానికి పెద్ద చిత్రశాలే చేతికందినట్టయింది.

ఆస్ట్రేలియాకు చెందిన రాతిచిత్రాల పరిశోధకుడు రాబర్ట్ బెడ్నారిక్ ఆ పెంకులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. చాలా గీతల్లో రాతి పనిముట్టు గీరిన జాడే లేదు. రాతి మొన గీరితే గాడి అడుగున పొడుగునా సన్నని చారలు పడతాయి. రెండు గీతలు కలిసే చోట ఏది ముందుదో ఏది తరువాతదో తెలుస్తుంది. చేయి జారిన చోట గీత హద్దు దాటుతుంది. ఈ పెంకుల మీది గాళ్లు అలా లేవు. అవి మొక్కల వేళ్లు చేసిన పని అని ఆయన తేల్చాడు. పెంకు కాల్షియం కార్బొనేట్, అంటే ఒక రకంగా సున్నపురాయే. మట్టిలో పెంకును అంటిపెట్టుకుని సాగే మొక్కల వేళ్లు, వాటితో కలిసి బతికే సూక్ష్మజీవులు ఆమ్లాలు వదులుతాయి. వేరు పాకిన దారిలోనే సున్నం కరిగి గాడి పడుతుంది. చిత్రశాల దాదాపు ఖాళీ అయింది. పాట్నే ముక్క ఒక్కటే నిలబడింది.

మూడో ఆధారం: మన కన్ను

అంతమంది నిపుణులు వేళ్ల జాడలను బొమ్మలనుకున్నారంటే అది వాళ్ల అజాగ్రత్త కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో ఒక సంగతి వివరించాడు. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని, ఒకేలా ఉన్నవాటిని, ఒకే దారిలో సాగేవాటిని మన కన్ను ఒక గుంపుగా కట్టేస్తుంది. నేటికీ పోస్టరు వేసేవారు, పుస్తకానికి అట్ట గీసేవారు ఆధారపడేది ఈ సూత్రాల మీదే. అయితే కన్ను వాటిని మనిషి పనికీ ప్రకృతి పనికీ ఒకేలా వర్తింపజేస్తుంది. పక్కపక్కన పాకిన రెండు వేళ్ల జాడలు కూడా దానికి జత గీతల్లాగే కనిపిస్తాయి. పొందిక కనిపించినంత మాత్రాన దాని వెనక ఉద్దేశం ఉన్నట్టు కాదు.

నాలుగో ఆధారం: హద్దు

మరి పాట్నే ముక్కలో ఏముంది? దాని మీద సమాంతర గీతలు హద్దులు కడుతున్నాయి. ఆ హద్దుల మధ్యనే ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ అల్లుకున్నాయి. ముందు చోటు కొలుచుకుని, తరువాత నింపిన పని అది. వేరు తేమ ఉన్న వైపు పోతుంది గానీ హద్దు చూసుకుని ఆగదు.

దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ రాతి ఆవాసం ఇదే మాటను ఇంకా గట్టిగా చెబుతుంది. అక్కడ సుమారు 60 వేల ఏళ్ల నాటి గీతల పెంకులు 270 దొరికాయని 2010లో వెల్లడైంది. అవి నీళ్లు దాచుకునే గుడ్డు కుండల ముక్కలని పరిశోధకులు భావించారు. రెండు పొడవాటి గీతలు, వాటి మధ్య పొట్టి అడ్డగీతలు. అదే పద్ధతి ముక్క తరువాత ముక్కలో మళ్లీ మళ్లీ వస్తుంది. గీతకు చోటు, హద్దు, పునరుక్తి తోడైనప్పుడే అది డిజైన్ అవుతుంది. ఆ మూడూ ఎన్నో వస్తువుల మీద ఒకే తీరులో కనిపిస్తే, ఆ పద్ధతిని ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని అర్థం.

తెలుగు నేల మీద ఇలాంటి ఆలోచన కనిపించే చోటు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్విన గుహలు అవి. అక్కడి రాతి మీద డైమండ్ ఆకారాలు ఒకదానిలో ఒకటి ఒదిగేలా చెక్కి ఉన్నాయి. రాతిచిత్రాల పరిశోధకుడు పాల్ టాసన్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఆ చెక్కడానికి దాదాపు 5 వేల ఏళ్ల వయసు కట్టింది. వాటిని చూడగానే మన వాకిట్లో ముగ్గు మెదులుతుంది. ఇవి ముగ్గుకు ముత్తాతలనేయడం తేలిక. కానీ కన్ను చేసే మోసం ఇక్కడా ఉంది. రూపం పోలినంత మాత్రాన వంశం కలవదు. అయిదు వేల ఏళ్ల పొడవునా మధ్య మెట్లు చూపించగలిగితేనే ఆ మాట నిలుస్తుంది.

ఇక తీర్పు. పెంకుల్లో ఎక్కువ వాటి మీది గీతలు వేళ్లవి, పాట్నే ముక్క మీదివి మనిషివి. తేడా పట్టించినవి రెండు: గాడి అడుగున పనిముట్టు జాడ, గీతల మధ్య హద్దు. మొదటిది లేకుండా రెండోదాన్ని నమ్మితే చిత్రశాల మళ్లీ వేళ్లతో నిండుతుంది.

పెన్నా, మన్నేరు, స్వర్ణముఖి గట్ల మీద ఇసుక కోసం, చెరువుల కోసం గోతులు తవ్వుతూనే ఉన్నారు. మీ ఊళ్లో అలాంటి గోతిలో దళసరి పెంకు ముక్క కనిపిస్తే కడగకండి, గోరుతో గీకకండి, జేబులో వేసుకోకండి. పక్కన రూపాయి నాణెం పెట్టి ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. ముక్కను కదిలిస్తే అది ఏ పొరలోదో చెప్పే ఆధారం పోతుంది. గీకితే గీత ఎవరిదో చెప్పే ఆధారమూ పోతుంది.